కోలార్ పట్టీకి అటూ ఇటూ: ధార్వాడ్ శిలల్లో తొలి ఖండాల చరిత్ర

భూమిపై పలకల కదలిక, అంటే ప్లేట్ టెక్టానిక్స్, ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు పరిశోధన పత్రికల్లో 400 కోట్ల ఏళ్ల నాటి నుంచి 100 కోట్ల ఏళ్ల నాటి దాకా జవాబులున్నాయి. ఇంత తేడాకు కారణం కొలతల లోపం కాదు. జిర్కాన్ స్ఫటికాల్లోని యురేనియం, సీసం నిష్పత్తిని బట్టి 250 కోట్ల ఏళ్ల శిల వయసును కూడా కొద్ది పదుల లక్షల ఏళ్ల తేడాతో చెప్పగలుగుతున్నాం. పేచీ అంతా దేన్ని రుజువుగా ఒప్పుకోవాలన్న దగ్గరే. చల్లని పలక లోతుకు దిగితే తప్ప పుట్టని బ్లూషిస్ట్ లాంటి శిలలు చూపించాలని రాబర్ట్ స్టెర్న్ పట్టుబట్టారు, ఆయన లెక్క 100 కోట్ల దగ్గర ఆగింది. స్టీవెన్ షైరీ, స్టీఫెన్ రిచర్డ్‌సన్‌లు 2011లో వజ్రాల లోపల చిక్కుకున్న ఎక్లోజైట్ (లోతుకు దిగిన బసాల్ట్ మారగా వచ్చే శిల) ఖనిజాలను ప్రమాణంగా తీసుకున్నారు, వారికి 300 కోట్లు తేలింది. కర్ణాటక నుంచి తెలంగాణ, రాయలసీమల కింద దాకా పరుచుకున్న ధార్వాడ్ క్రేటాన్‌ను, అంటే ఆ ప్రాచీన ఖండ భాగాన్ని, ఇదే ప్రశ్న అడిగితే ఏ ఆధారానికి ఎంత బరువివ్వాలో కొంత తేటపడుతుంది.

ముందు ఖండపు రాయి ఎలా తయారవుతుందో చూడాలి. ప్రావారం (మాంటిల్) కరిగితే నేరుగా గ్రానైట్ రాదు, బసాల్ట్ వస్తుంది. ఆ బసాల్ట్ నీటిని పట్టుకుని, తిరిగి లోతుకు చేరి, అక్కడ కొంతవరకే కరిగితే సిలికా ఎక్కువగా ఉన్న తేలిక ద్రవం వేరుపడుతుంది. టోనలైట్, ట్రాంజెమైట్, గ్రానోడయొరైట్ అనే మూడు శిలల కుటుంబం అలా పుట్టిందే. ఆర్కియన్ అనే ఆ తొలి కాలపు ఖండాల్లో సింహభాగం వీటిదే. వీటిలో ఇటర్బియం వంటి బరువైన విరళ మృత్తికా మూలకాలు బాగా తక్కువ, స్ట్రాన్షియం ఎక్కువ. కరగకుండా అడుగున మిగిలిన గార్నెట్ ఇటర్బియాన్ని తనలోనే ఉంచుకుంది, ప్లేజియోక్లేజ్ నిలవలేని లోతు కాబట్టి స్ట్రాన్షియం ద్రవంలోకి వెళ్లిపోయింది. అంటే ఈ రసాయన లక్షణం కరిగిన లోతును చెబుతుంది. బసాల్ట్ ఆ లోతుకు ఎలా చేరిందో మాత్రం చెప్పదు. పలకగా ఏటవాలుగా జారి చేరిందా, లావా పొరల మీద పొరలు పేరుకుని అడుగు పొర అంత లోతున పడిందా అన్నది రసాయన విశ్లేషణకు అందని విషయం. పలకల చర్చ పలుమార్లు దారి తప్పింది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఆనాటి ప్రావారం ఇప్పటికంటే 150 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉండేదని అంచనా. దాదాపు 1600 డిగ్రీల దగ్గర పైకి ఉబికిన కొమాటియైట్ లావాలు అందుకు సాక్ష్యం. అంత వేడిలో పలక మెత్తబడి, కిందికి దిగుతూ తెగిపోయే అవకాశం ఎక్కువ.

పశ్చిమ ధార్వాడ్‌లో, హాసన్ జిల్లా హోళెనరసీపుర పరిసరాల్లో, ఈ మాటకు బలం చేకూర్చే దృశ్యం ఉంది. అక్కడి నైస్ శిలల్లో (వేడికి, ఒత్తిడికి మారిన ఆ మూడు శిలల కుటుంబమే ఇవి) పాతవి 330 కోట్ల ఏళ్ల నాటివి. అవి గుమ్మటాలుగా పైకి లేచాయి, వాటి నడుమ కొమాటియైట్లతో కూడిన షిస్ట్ పట్టీలు కిందికి కుంగి ఇరుక్కున్నాయి. 1990లలో బువాల్యే, షుక్రూన్, వారి సహచరులు శిలల్లోని సాగుడు గీతలను కొలిచి, ఇది నిలువు కదలికేనని వాదించారు: బరువైన లావా దిగింది, తేలికైన నైస్ లేచింది. ఆస్ట్రేలియాలోని పిల్బరాలోనూ ఇదే పోలిక. పలకలు ఢీకొన్నాయని ఊహించాల్సిన అవసరం ఈ చిత్రానికి లేదు.

తూర్పుకు వెళితే కథ మారుతుంది. అక్కడి శిలల్లో అధికభాగం 270 నుంచి 250 కోట్ల ఏళ్ల మధ్యవి, హైదరాబాద్ బండరాళ్లు కూడా ఆ చివరి దశలోవే. దాదాపు 400 కిలోమీటర్ల పొడవున సాగే క్లోజ్‌పేట గ్రానైట్ వయసు 251 కోట్ల ఏళ్లు. ‘షోలే’ చిత్రంలో గబ్బర్ సింగ్ స్థావరంగా మనమంతా చూసిన రామనగర గుట్టలు ఈ గ్రానైటే. రామనగరకు పాత పేరు క్లోజ్‌పేట. ఈ గ్రానైట్‌లో ఒక భాగం సానుకిటాయిడ్ తరహాది, సిలికాతో పాటు మెగ్నీషియం, పొటాషియం కూడా హెచ్చుగా ఉన్నది. అలాంటి ద్రవం రావాలంటే అంతకుముందే పైనుంచి వచ్చిన పదార్థం ప్రావారంలో కలిసి ఉండాలి. ఇక గద్వాల షిస్ట్ పట్టీలో బోనినైట్లు ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన మాణిక్యాంబ, ఆమె సహచరులు 2005లో ప్రకటించారు. బోనినైట్ నేడు పసిఫిక్‌లోని ఇజు-బోనిన్ దీవుల వంటి చోట్ల, పలక దిగడం మొదలైన అంచున కనిపించే లావా.

ఇంత ఉన్నా ఏకాభిప్రాయం కుదరలేదు. 2000లోనే ఛాడ్విక్, వాసుదేవ్, హెగ్డేలు ధార్వాడ్ క్రేటాన్ మొత్తాన్ని పలకల ఏటవాలు తాకిడి ఫలితంగా వివరిస్తే, అదే ఏడాది జయానంద బృందం తూర్పు భాగపు గ్రానైట్లకు ప్రావారం నుంచి లేచిన వేడి స్తంభం కారణమని రాసింది. శిలలు అవే, వయసులూ దాదాపు అవే. రసాయన సాక్ష్యానికి ఉన్న పరిమితికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. బోనినైట్‌కైనా, సానుకిటాయిడ్‌కైనా కావలసింది నీరు, ఉపరితల పదార్థం లోతుకు చేరడం. భూపటలం (క్రస్ట్) అడుగు భాగం బరువెక్కి ఊడి ప్రావారంలోకి జారినా ఆ పని కొంత జరుగుతుంది.

అందుకే నేను కోలార్‌కు ఎక్కువ బరువిస్తాను. 80 కిలోమీటర్ల పొడవు, మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఈ పట్టీ దక్షిణపు కొస చిత్తూరు జిల్లా చిగురుగుంట వైపు దిగుతుంది. బంగారం కోసం మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన గనులు 2001లో మూతపడ్డాయి. 1989లో క్రోగ్‌స్టాడ్, బాలకృష్ణన్, ముఖోపాధ్యాయ, రాజమణి, హాన్సన్‌లు ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం పట్టీకి రెండు పక్కల ఉన్న నైస్‌లను పోల్చింది. పడమటి నైస్‌లు 263 నుంచి 255 కోట్ల ఏళ్ల మధ్య మూడు విడతలుగా పుట్టాయి, 320 కోట్ల ఏళ్లు దాటిన పాత పటలం జాడ వాటిలో ఉంది. తూర్పు నైస్ 253 కోట్ల ఏళ్లది, దానిలో ఆ పాత జాడ లేదు. పట్టీలోని యాంఫిబొలైట్లు (మారిన లావాలు) కూడా తూర్పువి ఒక ప్రావార మూలం నుంచి, పడమటివి మరో మూలం నుంచి వచ్చాయి. 253, 242 కోట్ల ఏళ్ల నడుమ అడ్డ ఒత్తిడి ఇవన్నిటినీ ఒకచోట చేర్చిందని వారి నిర్ధారణ.

ఈ వాదానికి బలం ఎక్కడుందంటే, ఏ శిల ఎలాంటి చోట కరిగిందన్న ఊహ మీద ఇది ఆధారపడదు. నాలుగు కిలోమీటర్ల దూరంలో రెండు వేర్వేరు చరిత్రలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటైనా వేరే చోటి నుంచి వచ్చి ఉండాలి. వేడి స్తంభం పటలాన్ని కరిగిస్తుంది, ఉబ్బిస్తుంది. దూరాన పుట్టిన నేలలను తెచ్చి అతికించడం దానికి సాధ్యం కాదు. అలాగని హిమాలయాల నమూనాను ఇక్కడ అచ్చుగుద్దకూడదు. తూర్పు ధార్వాడ్ పటలం ఢీకొన్నప్పుడు గట్టిగా విరగలేదు, విశాల ప్రాంతమంతా వేడిగా, మెత్తగా పక్కలకు సాగిందని డొమినిక్ షార్డాన్ బృందం విరూపణ పటాల్లో చూపించింది. పలకలు అడ్డంగా కదిలాయి, వాటి అంచులు మాత్రం నేటి పలకల అంచులంత చల్లగా, బిరుసుగా లేవు. స్టెర్న్ అడిగే బ్లూషిస్ట్ ఆ కాలంలో దొరక్కపోవడానికి ఇదే కారణం కావచ్చు. అది లేదు కాబట్టి పలకలూ లేవనడం తొందరపాటు. మింగ్ టాంగ్, కాంగ్ చెన్, రాబర్టా రడ్నిక్ 2016లో నికెల్, కోబాల్ట్ నిష్పత్తుల నుంచి ఖండాల పైపొర 300, 250 కోట్ల ఏళ్ల మధ్య సిలికా పక్షానికి మారిందని లెక్కగట్టారు. హోళెనరసీపుర నుంచి కోలార్ దాకా కనిపించే మార్పు ఆ లెక్కతో పొసగుతుంది.

గద్వాల దగ్గర కూడా ప్రశ్నను కోలార్ పద్ధతిలోనే వేయాలి. బోనినైట్ల రసాయనాన్ని మరోసారి గణించడం కంటే, పట్టీకి రెండు పక్కల నైస్‌ల జిర్కాన్ వయసులు, పాత పటలం జాడను చూపే హాఫ్నియం ఐసోటోపులు పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు వైపులా ఒకే చరిత్ర వస్తే ఆ లావా ఉన్నచోటనే పటలం చీలి పుట్టి ఉండవచ్చు, పలక అంచు అన్న వాదం బలహీనపడుతుంది. పడమర పాత జాడ ఉండి, తూర్పున లేకపోతే, కోలార్ అతుకు ఒంటరిది కాదని అర్థం.