మెడయా? ఊపిరియా?

లోతు తెలియని నీటిలోనికి తలక్రిందుగా దూకినవానికి అపాయము నీటివలన కంటె అడుగుననున్న నేలవలన ఎక్కువ. తల నేలకు తగిలి ఆగును. మొండెము బరువు ఇంకను వచ్చి దానిమీద పడును. నడుమ చిక్కి మెడలోని వెన్నుపూస నలుగును. దాని లోపలి వెన్నుపాము తెగినచో కాలుసేతులు చచ్చుబడును. దెబ్బ మెడ పైభాగమున తగిలినచో ఉదరవితానమునకు పోవు నరములు పనిచేయక ఊపిరియే ఆగిపోవచ్చును.

ఈ దెబ్బ వైద్యులకు క్రొత్తది కాదు. ఎడ్విన్ స్మిత్ అను అమెరికన్ 1862లో ఈజిప్టులోని లక్సర్ పట్టణమున కొన్న పపైరస్ చుట్టలో మెడపూసల గాయములు వర్ణింపబడినవి. అది సుమారు క్రీ. పూ. 1600 నాటి ప్రతి. పూస తొలగి కాలుసేతుల స్పర్శ పోయిన రోగికి చికిత్స లేదని ఆ గ్రంథకర్త తేల్చివేసెను. ఇంచుమించు ఇరువదవ శతాబ్దము వరకు ఆ మాటయే చెల్లినది. 1944లో లడ్విగ్ గుట్‌మన్ ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో ప్రత్యేక విభాగము నడపిన పిమ్మట అట్టివారు చాలకాలము బ్రతుకగలరని రుజువైనది.

బ్రతుకగలరన్నచో, మోసికొని వచ్చునప్పుడు దెబ్బను పెంచరాదు గదా! 1960ల చివర అమెరికాలో డాక్టరు ఫారింగ్టన్ రోడ్డు ప్రమాదములలో చిక్కినవారిని పొడుగుపాటి బల్లపై కదలకుండ కట్టి తీయు పద్ధతిని ప్రచారము చేసెను. ఈతకొలనుల లైఫ్‌గార్డుల శిక్షణలోను ఆ బల్ల చేరినది. బోరగిల తేలుచున్నవాని రెండు చేతులను తలపైకి చాచి, వానిచే చెవులను ఇరుప్రక్కల బిగించి పట్టుకొని, ముందుకు నడచుచు వెల్లకిల త్రిప్పవలెను. తరువాత బల్లను నీటిలో ముంచి క్రిందుగా త్రోసిన, అది తనంతట తేలి వీపునకు ఆనును. పట్టీలు బిగించి, చివరకు తలను కట్టుదురు. చూచుటకు సులువే, మెడ వంగకుండ చేయుటకు పలుమార్లు సాధన కావలెను.

చిక్కు ఇక్కడనే ఉన్నది. ఊపిరి లేనివానికి ఈ పట్టీలు బిగించుచు కూర్చుండిన, మెడ నిలుచును గాని మనిషి నిలువడు. ఇట్టి గాయములు ఎంత తరచు? 2001లో ప్రకటింపబడిన అమెరికన్ పరిశీలనలో, నీట మునిగిన 2,244 మందిలో మెడపూస దెబ్బతిన్నవారు 11 మంది మాత్రమే. వారందరును దూకినవారో, ఎత్తునుండి పడినవారో, వాహన ప్రమాదమునకు లోనైనవారో. తీవ్రగాయపు గుర్తులును పైకి కనబడుచుండెను. అంతకుముందే, 1998లో, మలేషియా రోగులను న్యూమెక్సికో రోగులతో పోల్చిన పరిశీలనలో, కట్టకుండ తెచ్చినవారికే వైకల్యము తక్కువగ తేలినది. రెండు దేశముల పరిస్థితులు వేరు కనుక దానిని తుది మాటగ గొనరాదు. కాని బల్లపై గ్రుడ్డి నమ్మకము మాత్రము సడలినది.

2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, వెన్నుదెబ్బను సూచించు పరిస్థితి లేనప్పుడు మునిగినవారందరికిని మెడ కట్టుట తగదనినది. దూకి పడినట్లు తెలిసి, శ్వాస ఆడుచున్నవానికి మెడ నిలుపుట ముందు. శ్వాస లేనివానిని తలను వీలైనంత తిన్నగ ఉంచుచునే వెంటనే ఒడ్డునకు చేర్చి, మొదట ఊపిరి ఊదవలెను.