ఆటగాడి వాటా

మొన్న శుక్రవారం సాయంత్రం ఫహాహీల్ సముద్రపొడ్డున టీ తాగుతుంటే మా మిత్రుడొకాయన అడిగాడు. "అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళకి ఆటలాడితే డబ్బులిస్తున్నారటగా? చదువుకోడానికి వెళ్ళి సంపాదనేంటి గురూ?"

నిజమే, ఇస్తున్నారు. హౌస్ అనే ఈతగాడి పేరు మీద నడిచిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఒక రాజీని ఆమోదించింది. దాంతో కాలేజీలు ఆటల మీద వచ్చే ఆదాయంలోంచి ఆటగాళ్ళకి నేరుగా వాటా ఇవ్వొచ్చు. 2025-26కి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

అసలు కథ మాత్రం పాతది. 1955లో రే డెనిసన్ అనే కుర్రాడు కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. (చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ లెండి.) భార్య పరిహారం అడిగింది. కాలేజీ చేసేది ఫుట్‌బాల్ వ్యాపారం కాదు కాబట్టి పరిహారం రాదని 1957లో కొలరాడో సుప్రీం కోర్టు తేల్చేసింది. "విద్యార్థి క్రీడాకారుడు" అన్న మాటని ఎన్‌సీఏఏ వాడుకలోకి తెచ్చింది కూడా ఆ రోజుల్లోనే. విద్యార్థి అన్నాక ఉద్యోగి అనక్కర్లేదు కదా!

సరిగ్గా ఆ కాలంలోనే మన హైదరాబాదులో ఇంకో పద్ధతి నడిచింది. రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆటకి జీతం లేదు, టిక్కెట్ల డబ్బులో వాటా లేదు. ఉన్నది పోలీసు ఉద్యోగం. గొప్ప సంపాదనేం కాదు గానీ, మోకాలు విరిగినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

ఆ భరోసా ఎందుకంటారా? సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాంని చూడండి. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు, రెండు ఒలింపిక్స్ ఆడాడు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడే అనారోగ్యంతో ఆట మానెయ్యాల్సి వచ్చింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు.

ఇప్పుడు అమెరికా వాటాల దగ్గరకొద్దాం. డబ్బు తెచ్చేది ఎక్కువగా ఫుట్‌బాల్, మగవాళ్ళ బాస్కెట్‌బాల్. అందుకని చాలా కాలేజీల్లో వాటాలో సింహభాగం వాళ్ళకే. ఈతగాడి పేరున గెలిచిన కేసులో ఈతగాళ్ళకి మిగిలేది చిల్లరే! పాత బాకీ కింద ఇవ్వాల్సిన 280 కోట్ల డాలర్లలో కూడా మాకు అన్యాయం జరిగిందని కొందరు అమ్మాయిలు అప్పీలుకెళ్ళారు. పైగా ఇంత రాజీ కూడా ఆటగాణ్ణి ఉద్యోగి అనలేదు. రేపు ఇంకో డెనిసన్ పడిపోతే ఎవరిది బాధ్యత అన్నది ఆ రాజీ తేల్చలేదు.

ఇదంతా విని మా మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. కువైట్ 2010 కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే ఇండెమ్నిటీ లెక్క ఆయనకి రోజులతో సహా కంఠతా వచ్చు.

"అయితే వాళ్ళకి వాటా ఉంది గానీ ఇండెమ్నిటీ లేదన్నమాట," అన్నాడు చివరికి.

అరగంట నుంచి నేను చెప్తున్నదీ అదే.