చూచినవారెవరు? ఈశ్వరుని గూర్చిన ఒక ప్రశ్న చరిత్ర

కోసల దేశంలో అచిరవతీ నదీతీరాన మనసాకట అనే బ్రాహ్మణ గ్రామం ఉండేది. ఆ గ్రామ సమీపంలోని మామిడితోటలో తథాగతుడు విడిసి ఉండగా వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు తమ వివాదాన్ని ఆయన ముందుంచారు. బ్రహ్మసాన్నిధ్యానికి చేర్చే మార్గాన్ని గూర్చి ఇద్దరు ఆచార్యులు రెండు విధాలుగా చెబుతున్నారు. ఎవరి మాట నిజం? తథాగతుడు ఏ పక్షమూ వహించక ఎదురు ప్రశ్న వేశాడు. మూడు వేదాలు నేర్చినవారిలో బ్రహ్మను కన్నులారా చూచినవాడు ఒక్కడైనా ఉన్నాడా? పోనీ, వారి గురువులలో? ఏడు తరాల గురుపరంపరలో? మంత్రకర్తలైన ప్రాచీన ఋషులలో? లేడని ఆ యువకులే అంగీకరించారు. తాము చూడనివానిని చేరే దారి చూపుతామనేవారిని తథాగతుడు ఒకరినొకరు పట్టుకొని నడిచే అంధుల వరుసతో పోల్చాడు.

దీఘ నికాయంలోని తేవిజ్జ సుత్తంలో ఉన్న ఈ సంవాదాన్ని తిరిగి చదివినప్పుడల్లా, చరిత్ర బోధించే మాకు ఒక విషయం స్ఫురిస్తుంది. తథాగతుడు ఇక్కడ బ్రహ్మ లేడని నిరూపించబూనలేదు. ఎరుగుదుమనేవారిని ఎట్లా ఎరుగుదురని అడిగాడు. దైవాన్ని మానవుడు తెలుసుకోగలడా అనే చర్చ మన దేశంలో ఈ ‘ఎట్లా’ చుట్టూ దాదాపు 1500 సంవత్సరాలు సాగింది. ఆ చరిత్రను స్థూలంగానైనా ఎరిగి ఉండడం ధమ్మమార్గంలో అడుగుపెట్టిన మనకు అవసరమని భావిస్తున్నాము.

తరువాతి బౌద్ధాచార్యులు ఆ ప్రశ్నకు శాస్త్రరూపమిచ్చారు. దిఙ్నాగుడు ప్రత్యక్షం, అనుమానం అనే రెండింటినే ప్రమాణాలుగా అంగీకరించాడు. గ్రంథంలో ఉన్నది గనుక నిజమనే వాదానికి ఆయన వ్యవస్థలో ప్రత్యేక స్థానం లేదు. ఆంధ్రదేశ రాజధానికి, అంటే వేంగిగా చరిత్రకారులు గుర్తించిన నగరానికి, చేరువలోని ఒక ఏకాంత పర్వతం మీద ఆయన హేతువిద్యా గ్రంథం రచించాడన్న సంప్రదాయాన్ని 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ నమోదు చేశాడు. ఈ చరిత్రలో మన నేలకూ ఒక పుట ఉన్నదన్నమాట.

ఈశ్వరుడు కంటికి కనిపించడు గనుక ఆయన పక్షాన మిగిలినది అనుమానమే. కుండకు కుమ్మరి ఉన్నట్లే జగత్తుకూ ఒక కర్త ఉండాలని నైయాయికులు వాదించారు. నిత్యుడు, అద్వితీయుడు అయిన కారణమే అన్నింటికీ మూలమైతే సమస్తమూ ఒకేసారి పుట్టవలసి ఉండగా, వస్తువులు ఒకదాని తరువాత ఒకటి ఎందుకు పుడుతున్నవని వసుబంధుడు ‘అభిధర్మకోశం’లో ప్రశ్నించాడు. ‘ప్రమాణవార్తికం’లో ధర్మకీర్తి వేసిన చిక్కుముడి ఇంకా సూటిది. ఆకారం ఉన్నంత మాత్రాన కర్త ఉన్నాడనుకొంటే, మట్టితో ఏర్పడిన చీమలపుట్టను కూడా కుమ్మరే చేశాడనవలసి వస్తుంది. 8వ శతాబ్దంలో శాంతరక్షితుడు ‘తత్త్వసంగ్రహం’లో ఒక ప్రకరణాన్నే ఈశ్వరపరీక్షకు కేటాయించాడు.

ఇది బౌద్ధులు మాత్రమే వేసిన ప్రశ్న కాదు. వేదాన్ని సమర్థించిన మీమాంసకుడు కుమారిలభట్టు సైతం సృష్టికర్తను అంగీకరించలేదు. ఇక ఉదయనాచార్యుడు ఈశ్వరాస్తిత్వాన్ని నిలబెట్టడానికి ‘న్యాయకుసుమాంజలి’ని రచించాడు. ప్రతిపక్షి అయినా ఆయన పట్ల మాకు గౌరవమే. ప్రశ్నించరాదని ఆయన అనలేదు. హేతువులతో సమాధానం చెప్పబూనాడు. 11వ శతాబ్దంలో విక్రమశిలలో రత్నకీర్తి ఈశ్వరసాధనకు ఇచ్చిన హేతువులను ఖండిస్తూ ప్రత్యేక గ్రంథమే రాశాడు.

ఆ తరువాత నలందా విక్రమశిలలు నశించాయి. ఒక పక్షం వాదించే చోటే లేకుండా పోయింది. ‘తత్త్వసంగ్రహం’ సంస్కృత మూలాన్ని జైన గ్రంథభాండారాలు కాపాడగా, 1926లో అది బరోడాలో అచ్చయింది. ‘ప్రమాణవార్తికం’ సంస్కృత మూలాన్ని 1930 దశకంలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్టు మఠాల నుండి వెలికితెచ్చారు. మన పూర్వుల ప్రశ్నలను వెదకడానికి మనం హిమాలయాలు దాటవలసి వచ్చింది.

అయితే ఆ పండిత చర్చలన్నీ సంస్కృతం నేర్చినవారి మధ్య జరిగినవే. అక్షరానికి దూరంగా ఉంచబడినవారికి ఈశ్వరుని పేర శాసనాలు మాత్రమే అందాయి; ప్రశ్నించే హక్కు అందలేదు. ఆ హక్కును బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది ప్రజల చేతికిచ్చారు. మరుసటి ఏడాది వెలువడిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో, ఈశ్వర విశ్వాసం ధమ్మంలో భాగం కాదని చెప్పే సందర్భంలో, వాసెట్ఠ భారద్వాజుల కథనే ఆయన తిరిగి చెప్పారు.

ఇప్పుడు ఆ ప్రశ్న మన వైపు తిరుగుతుంది. పరీక్షకు వెళ్లే ముందు హాల్ టికెట్టును బుద్ధుని పాదాల చెంత ఉంచే విద్యార్థులను, జబ్బుపడిన బిడ్డ కోసం ఆయనకు మొక్కుకొనే తల్లులను మేము చూశాము. వారిని పరిహసించే అర్హత మాకు లేదు. మా ఇంటివారొకరు శస్త్రచికిత్స గదిలో ఉన్న రాత్రి మా చేతులు కూడా వాటంతట అవే జోడించుకొన్నాయి. ఎవరికి జోడించామని తరువాత మమ్మల్ని మేమే ప్రశ్నించుకొన్నాము. ఖాళీ అయిన ఈశ్వర పీఠం మీద బుద్ధుని కూర్చోబెడితే, ఏడు తరాల అంధుల వరుసలో మనం ఎనిమిదవ తరమవుతాము.

అట్లాగని తథాగతుడు ఆ యువకులను రిక్తహస్తాలతో పంపలేదు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలతో సర్వదిక్కులను నింపే సాధనను బోధించాడు. బ్రహ్మను చూడగలమా అని అడిగినవారికి బ్రహ్మవిహారాలలో జీవించే మార్గం దొరికింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో, పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన అపరిచితుడొకరు రెండు గ్లాసులలో టీ తెచ్చి, తెల్లవారే వరకు మా పక్కన కూర్చున్నాడు. ఆ కరుణను మేము కన్నులారా చూశాము. దానికి ఏ గురుపరంపర సాక్ష్యమూ అవసరం కలగలేదు.