పేరు ముందే వచ్చిన పిల్లలు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలిబంతి ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఈ ఆట కోసం అక్కడి కాలేజీలు హైస్కూల్లో ఉండగానే పిల్లల్ని ఎంచుకుంటాయి. దాన్ని రిక్రూటింగ్ అంటారు. లక్షమంది పట్టే స్టేడియాలు, టీవీ హక్కుల డబ్బు, కోచ్‌ల పెద్ద జీతాలు, ఇవన్నీ ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లల కాళ్ళ మీద నడిచే వ్యాపారం. నేను చెప్పబోయే రోజుల్లో ఆ పిల్లలకు దక్కేది మాత్రం చదువు ఖర్చు, ఉండే గది, భోజనం. జీతమనేది లేదు.

ఇంతటివాడు మళ్ళీ పుట్టడని పేరు తెచ్చుకుని, తీరా ఆట మొదలయ్యాక కనపడకుండా పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు అక్కడివాళ్ళు తప్పకుండా తలుచుకునే పేర్లు రెండు: మార్కస్ డుప్రీ, టాడ్ మారినోవిచ్. ఆటల సంగతి నాకు పెద్దగా పట్టదు. కానీ చదువుతూ పోతే ఈ రెండూ ఆట కథల్లా అనిపించలేదు, ఇంటి కథల్లా అనిపించాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఫిలడెల్ఫియా అనగానే పెద్ద నగరం గుర్తొస్తుంది. మార్కస్‌ది ఆ ఊరు కాదు. మిసిసిపి రాష్ట్రంలో, నెషోబా కౌంటీలో అదే పేరున్న చిన్న ఊరు. 1964 మే 22న అతను పుట్టాడు. ఇంకా పొత్తిళ్ళలో ఉండగానే, జూన్ 21 రాత్రి, ఆ ఊరి దగ్గర మూడు హత్యలు జరిగాయి. నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం పనిచేస్తున్న జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ముగ్గురు యువకుల్ని కాల్చి చంపి, ఒక మట్టికట్ట కింద పాతిపెట్టారు. శవాలు ఆగస్టులో గానీ బయటపడలేదు. ఆ ముగ్గుర్నీ రోడ్డు మీద ఆపి లోపల వేసింది స్థానిక డిప్యూటీ షెరిఫ్. తర్వాత కుట్ర కేసులో అతనికి శిక్ష పడింది.

మార్కస్ ఒకటో తరగతిలో చేరిన 1970లో ఆ ఊరి బడుల్లో నల్లపిల్లలు, తెల్లపిల్లలు పూర్తిగా కలిసి కూర్చోవడం మొదలైంది. హైస్కూలుకు వచ్చేసరికి అతను జట్టులో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని ఎదుటివాళ్ళను దాటుకుంటూ పరిగెత్తేవాడు. అదే జట్టులో ఆ డిప్యూటీ షెరిఫ్ కొడుకు కూడా ఆడాడు. ఒకప్పుడు ఏ ఊరి పేరు చెబితే దేశం తల దించుకుందో, ఆ ఊరే ఇప్పుడు ఒక నల్లపిల్లవాడి పేరు చెప్పుకుని తలెత్తుకోవాలనుకుంది. ఒక పిల్లవాడి భుజాల మీద ఇంతకన్నా బరువు ఏం పెట్టగలం?

హైస్కూల్లో అతను చేసిన టచ్‌డౌన్లు 87. అంతకు ముందు హర్షెల్ వాకర్ అనే గొప్ప ఆటగాడి లెక్క 86. ఇంకేముంది, దేశంలోని పెద్ద కాలేజీల కోచ్‌లంతా ఆ ఊరి దారి పట్టారు. ఓక్లహోమా యూనివర్సిటీ అయితే తన సహాయ కోచ్ లూషస్ సెల్మన్‌ను వారాల తరబడి ఆ ఊరి మోటెల్లోనే ఉంచింది. మిసిసిపిలోనే పుట్టి పెరిగిన విల్లీ మోరిస్ అనే రచయిత ఆ రోజుల్ని పుస్తకంగా రాశాడు. 1983లో వచ్చింది. దాని పేరు 'ద కోర్టింగ్ ఆఫ్ మార్కస్ డుప్రీ'. కోర్టింగ్ అంటే పెళ్ళి ఉద్దేశంతో వెంటపడి మనసు గెలుచుకోవడం. ఆ పేరు చూడగానే నాకు మన పెళ్ళిచూపుల రాకపోకలు గుర్తొచ్చాయి. పిల్ల నచ్చినప్పుడు ఒక మాట, కాపురానికి వచ్చాక ఒక మాట. ఆ తేడా మన ఆడవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇందులో చరిత్ర వేసిన వింత ముడి ఒకటుంది. 1962లో జేమ్స్ మెరెడిత్ అనే ఒక్క నల్ల విద్యార్థి మిసిసిపి యూనివర్సిటీలో చేరబోతే అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో మొదటిసారి నల్ల ఆటగాళ్ళు కనిపించింది 1972లో. అంటే మార్కస్ పుట్టిన ఏడాది అతన్ని గడప తొక్కనివ్వని చోట్ల నుంచే, పదిహేడేళ్ళ తర్వాత అతని గడప దగ్గరికి మనుషులు వచ్చారు. మారిన కాలానికి సంతోషించాల్సిందే. కానీ వాళ్ళు ఆహ్వానించింది పిల్లవాడినా, పిల్లవాడి కాళ్ళనా అన్న సందేహం మిగులుతుంది.

1982 ఫిబ్రవరిలో మార్కస్ ఓక్లహోమాకు సంతకం పెట్టాడు. అక్కడి పెద్ద కోచ్ బ్యారీ స్విట్జర్ అప్పటికే పేరున్నవాడు. విష్‌బోన్ అనే తన పాత ఆట పద్ధతిని, సీజన్ మధ్యలో ఈ కుర్రవాడి కోసం మార్చేశాడు. మొదటి ఏడాదే మార్కస్ 905 గజాలు పరిగెత్తాడు. 1983 జనవరి 1న ఫియస్టా బౌల్ ఆటలో బంతి అతని చేతికి వచ్చింది 17 సార్లు, అతను పరిగెత్తింది 239 గజాలు. జట్టు మాత్రం అరిజోనా స్టేట్ చేతిలో ఓడింది. ఆట అయ్యాక కోచ్ నోటి నుంచి వచ్చింది మెచ్చుకోలు కాదు. ఒళ్ళు పెంచుకున్నాడనీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే ఇంకా ఎంతో పరిగెత్తేవాడనీ విమర్శ. అదీ అందరి ముందూ.

పద్దెనిమిదేళ్ళవాడు. ఇంటి మీద బెంగ ఉన్నవాడు. అప్పటిదాకా ఊరంతా నెత్తిన పెట్టుకున్నవాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో మనం ఊహించుకోవచ్చు. స్విట్జర్ మాత్రం ఏళ్ళు గడిచాక, అతనితో తాను నడుచుకున్న తీరు సరైంది కాదని ఒప్పుకున్నాడు.

1983 అక్టోబర్‌లో టెక్సస్‌తో ఆటలో మార్కస్ తలకు దెబ్బ తగిలింది. ఆ తర్వాత అతను మిసిసిపి వెళ్ళిపోయి, మళ్ళీ ఓక్లహోమా జట్టులోకి రాలేదు. సదరన్ మిసిసిపిలో చేరాడు గానీ, కాలేజీ మారినవాళ్ళు చాలాకాలం ఆడకుండా కూర్చోవాలన్నది అప్పటి నియమం. అంతకాలం ఆగలేక 1984లో యు.ఎస్.ఎఫ్.ఎల్. అనే కొత్త లీగ్‌లో న్యూ ఆర్లీన్స్ బ్రేకర్స్ జట్టుకు సంతకం పెట్టాడు. అప్పటికి ఇరవై నిండలేదు. 1985 సీజన్ మొదటి ఆటలోనే మోకాలు పోయింది. ఆ లీగ్ కూడా ఎక్కువకాలం నిలవలేదు. అయిదేళ్ళ తర్వాత, తమ రాష్ట్రంవాడే అయిన వాల్టర్ పేటన్ అనే మహా ఆటగాడు ధైర్యం చెబితే, పెరిగిన బరువంతా కరిగించుకుని లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టులో 1990, 1991 సీజన్లు ఆడాడు. అంతే. 2010లో అతని మీద డాక్యుమెంటరీ వచ్చేనాటికి లారీ నడుపుకుంటున్నాడు.

మార్కస్‌ను బయటివాళ్ళు లాగితే, టాడ్ మారినోవిచ్‌ను ఇంట్లోనే తయారు చేశారు. 1969 జులై 4న కాలిఫోర్నియాలో పుట్టాడు. తండ్రి మార్వ్ ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు. మితిమీరి కండలు పెంచి తన ఆటను తానే చెడగొట్టుకున్నవాడు. కొడుకు విషయంలో అలా జరగకూడదని శాస్త్రీయ పద్ధతి అంటూ ఒకటి తయారు చేసుకున్నాడు. అది బిడ్డ కడుపులో ఉండగానే మొదలైంది. తల్లి ట్రూడీ ఉప్పు, చక్కెర మానేసింది. నెలల పిల్లవాడి కాళ్ళకు సాగదీసే వ్యాయామాలు. పిల్లలు పుట్టినరోజు పిలుపులకు వెళ్తారు కదా, టాడ్ చేతికి చక్కెర, మైదా లేని కేకు ఇచ్చి పంపేవారు, అక్కడి కేకు తినకుండా. కార్టూన్లు చూడనివ్వలేదు. తల్లి మటుకు బొమ్మల మీద, సంగీతం మీద, పాత సినిమాల మీద అతనికి ఇష్టం కలిగించింది.

హైస్కూల్లో 9,914 గజాలు బంతి విసిరి జాతీయ రికార్డు పెట్టాడు. 1988లో స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రిక అతని పెంపకం మీద పెద్ద వ్యాసం వేసింది. జనం రోబో క్యూబీ అన్నారు. యంత్రంలా తయారైన క్వార్టర్‌బ్యాక్ అని. కానీ ఆ యంత్రం లోపల ఉన్న పిల్లవాడు భయం పోగొట్టుకోవడానికి హైస్కూల్లోనే గంజాయి అలవాటు చేసుకున్నాడు. ఏం తినాలో, ఎప్పుడు పరిగెత్తాలో అంతా రాసి పెట్టిన ఇంట్లో, ఆ ఒక్కటి ఎవరి లెక్కలోకీ రాలేదు.

సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ తరఫున 1990 జనవరి 1న రోజ్ బౌల్ గెలిచాడు. ఏడాది తిరిగేసరికి కోచ్‌తో గొడవలు, మత్తుమందు కేసులో అరెస్టు. అయినా 1991లో లాస్ ఏంజిలిస్ రైడర్స్ అతన్ని 24వ ఎంపికగా తీసుకుంది. అదే ఏడాది అతని తర్వాత 33వ స్థానంలో ఎంపికైన బ్రెట్ ఫార్వ్ ఇరవై సీజన్లు ఆడాడు. టాడ్ ఆ లీగ్‌లో రెండు సీజన్లు కూడా సరిగ్గా నిలవలేకపోయాడు. తర్వాత ఏళ్ళ తరబడి మత్తుమందులు, జైళ్ళు, చికిత్సలు. మధ్య మధ్య అతన్ని నిలబెట్టినవాటిలో బొమ్మలు గీయడం ఒకటి. తల్లి వేసిన ఆ చిన్న విత్తనం, తండ్రి ప్రణాళికలో లేనిది.

తండ్రి చెడ్డవాడని తేల్చేసి చేతులు దులుపుకోవడం తేలిక. కొడుకు మీద ప్రేమ లేక అతను అలా చేయలేదు. టాడ్ కూడా తర్వాతి రోజుల్లో తండ్రితో కలిసే ఉన్నాడు, దగ్గరగానే మెలిగాడు. ప్రేమ ఉంది. లేనిదల్లా, నీకు ఇది ఇష్టమేనా అని అడిగి, జవాబు కోసం ఆగే తీరిక.

ఇంకో సంగతి చూడండి. కథ తిరగబడింది పిల్లలకే, పెద్దలకు కాదు. స్విట్జర్ 1985లో ఓక్లహోమాకు జాతీయ విజేత పట్టం తెచ్చాడు. తర్వాత డల్లాస్ జట్టుతో సూపర్ బౌల్ కూడా గెలిచాడు. మార్కస్ పోతే ఇంకో కుర్రవాడు వచ్చాడు, ఆట ఆగలేదు. 2021 నుంచి నియమాలు కొంత మారాయి. కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, ఖాళీగా కూర్చోకుండా వేరే కాలేజీకి మారి ఆడవచ్చు. మార్కస్ నాటికి ఈ రెండూ ఉండి ఉంటే, అలిగి ఇంటికి వెళ్ళినంత మాత్రాన దారి మూసుకుపోయేది కాదు.

మార్కస్‌కు ఒక తమ్ముడు ఉన్నాడు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లవాడు. తాను ఆడేది వాడి కోసం కూడా అని మార్కస్ అనుకునేవాడు. మోటెల్లో మకాం వేసి అతని వేగాన్ని, బరువును, గజాలను పుస్తకాల్లో రాసుకున్న అంతమంది కోచ్‌ల లెక్కల్లో, ఆ తమ్ముడికి దూరంగా ఉండటం ఈ పిల్లవాడికి ఎంత కష్టమో రాసుకునే గడి ఒక్కటీ లేదు.