గురువుకు తన పాఠమే

పక్షవాతం మెదడులోనే పుడుతుందని సాధారణంగా అనుకుంటాము. కాని ఒక్కొక్కప్పుడు దాని మూలం దూరాన, మరొక అవయవంలో దాగిన రాచపుండులో ఉంటుంది. ఈ రహస్యానికి తొలి ఆధారాలలో ఒకటి పారిస్ నగరంలో దొరికింది.

అక్కడి ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో ఆచార్యుడైన ఆర్మాన్ ట్రూసో 1865లో ఒక విశేషాన్ని వెల్లడించినాడు. కారణం తెలియకుండా సిరలలో నెత్తురు గడ్డకట్టి, కాలో చేయో వాచిన రోగి లోపల రాచపుండు దాగి ఉండవచ్చునన్నాడు. రెండేండ్లకు, 1867లో, ఆ గుర్తు ఆయన శరీరంలోనే కనబడింది. ఇక తనకు ఆశ లేదని శిష్యునితో చెప్పినాడు. ఆ జూన్‌లోనే ఉదరంలోని రాచపుండుతో కన్నుమూసినాడు.

నెత్తురుగడ్డ ఒకచోట తెగి, రక్తంతోపాటు సాగి, మరొకచోట అడ్డుపడుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు విర్కో అంతకుముందే నిరూపించి ఉన్నాడు. ఈ రెండు పాఠాలను కలిపి చదివితే విషయం తేటపడుతుంది. రాచపుండు ఉన్నవారికి గుండె కవాటాలపై గడ్డలు ఏర్పడవచ్చు. అరుదుగా రాచపుండే గుండెకు ప్రాకవచ్చు. గుండె ఎడమభాగం నుండి ఒక చిన్న తునక తెగి మెదడు ధమనిలో చిక్కుకొన్నా చాలు, పక్షవాతం వస్తుంది.

కారణం అంతుపట్టని పక్షవాతంలో శబ్దతరంగాలతో గుండెను పరీక్షించి, అవసరమైతే రాచపుండు కోసమూ వెదకే నేటి వైద్యుడు, ట్రూసో తన ప్రాణంతో రుజువు చేసిన పాఠాన్నే చదువుతున్నాడు.