జీన్సుకి నడుమెక్కడ?

జీన్సంటే పడుచుపిల్లల సరదా అనీ, నలభై దాటినవాళ్ళకి నప్పదనీ మన ఒంగోలులో చాలామంది అభిప్రాయం. కాని చరిత్ర ఏమంటోందో చూడండి! 1873లో అమెరికాలో లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ రాగి రివెట్లకి పేటెంటు పొందినప్పుడు అది కష్టజీవుల లాగు. సోకుకి కాదు, చిరగకుండా ఉండడానికి. 1934లో అదే కంపెనీ ఆడవాళ్ళ కొలతలకి కుట్టినప్పుడు నడుంపట్టీ నడుం మీదే ఉండేది. దాన్ని బొడ్డు కిందకి జార్చింది తర్వాత వచ్చిన ఫ్యాషను.

అందుచేత కొనేటప్పుడు మొహమాటపడకండి. తుంటికి సరిపడే సైజు తీసుకుని, నడుం వదులైతే టైలరు చేత కుట్టు వేయించుకోండి. కుర్చీలో కూర్చుని చూడండి. ముదురు నీలం హుందాగా ఉంటుంది.

నల్లరేగడిలో పత్తి పండించే మనకి ఆ నూలుబట్ట పరాయిదా? బట్ట ఒంటికి తగ్గట్టు ఉండాలి గాని, బట్టని చూసి ఒళ్ళు సిగ్గుపడడమేమిటి, మీరే చెప్పండి!