మాంచెస్టరు హాలే వాద్యబృందం

మాంచెస్టరు అన్న పేరు మన తెలుగుదేశంలో సంగీత ప్రసంగాలలో వినబడినది కాదు. బట్టల అంగళ్లలో వినబడినది. సీమగుడ్డ అంటే మాంచెస్టరు గుడ్డ అని మన పెద్దలకు తెలుసు. ఆ గుడ్డ చవకగా వచ్చి పడుతూ ఉండగా మన కోస్తా జిల్లాలలో మగ్గాలు ఎన్నో మూలబడినవి. ఇక్కడ నేసిన బట్టకు బదులుగా ఇక్కడ పండిన పత్తి ఓడలెక్కసాగినది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తికి విదేశ వర్తకంలో ‘కోకనాడ’ అన్న పేరే స్థిరపడినది. అది మన కాకినాడ రేవు పేరు.

ఆ మాంచెస్టరులో, నూలు మిల్లుల పొగగొట్టాల నడుమ, 1858వ సంవత్సరంలో ఒక సింఫనీ వాద్యబృందం పుట్టినది. దాని పేరు హాలే వాద్యబృందం. బ్రిటనులో నేటికీ కచేరీలు చేస్తున్న వృత్తి వాద్యబృందాలలో మిక్కిలి పురాతనమైనవాటిలో ఇది ఒకటి. ఏటేటా శరదృతువు వచ్చేసరికి దాని కచేరీల కాలం ప్రారంభమవుతుంది. రాబోయే కచేరీలను ఆలకించే ముందు ఆ బృందం చరిత్రను ఒకసారి స్మరించుకొనుట ఉచితమని మేము భావిస్తున్నాము. ఎందుచేతనంటే, ఆ చరిత్ర పొడుగునా ఒకే ప్రశ్న వెన్నాడుతూ వచ్చినది: ఇంత వ్యయంతో కూడిన సంగీతం ఎవరికి చెందవలెను? ధనికులకా, ఊరందరికా?

సింఫనీ వాద్యబృందమంటే ఏమిటో రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. సుమారు ఎనభై మంది విద్వాంసులు ఒకే వేదికపై కూర్చొని, వ్రాసిపెట్టిన స్వరాలను చూచుకొంటూ, ఒక సంచాలకుని చేతి కదలికను అనుసరించి వాయించే మేళం అది. వయోలిను మనకు కొత్త వాద్యం కాదు. విజయనగరం ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను నాదం వినిన నేల ఇది. అయితే మన కచేరీలో ఒక్క వయోలిను ఉంటే, అక్కడ ఇంచుమించు ముప్పై ఉంటాయి. వాటికి తోడు వాటికన్నా పెద్దవైన తంత్రీవాద్యాలు, పిల్లనగ్రోవి జాతి వాద్యాలు, ఇత్తడి బాకాలు, భేరులు. ఇందరిని ఏడాది పొడుగునా జీతమిచ్చి పోషించడం రాజులకో, ప్రభుత్వాలకో సాధ్యమయ్యే పని. మాంచెస్టరులో రాజు లేడు. ఉన్నవారు వర్తకులు, మిల్లుల యజమానులు, కూలీలు.

ఈ బృందాన్ని స్థాపించిన చార్లెస్ హాలే జన్మతః జర్మను. 1819లో హాగెను అనే ఊరిలో పుట్టినారు. యౌవనంలో పారిసు చేరి పియానో విద్వాంసుడుగా పేరు తెచ్చుకొన్నారు. షోపాను, లిస్టు, బెర్లియోజ్ వంటి మహామహులు ఆయనకు మిత్రులు. 1848లో ఫ్రాన్సులో విప్లవం చెలరేగగా అక్కడ సంగీతం చెప్పుకొని బ్రతికే మార్గం పోయినది. లండను చేరినారు. ఆ సంవత్సరమే మాంచెస్టరు వర్తకుల ఆహ్వానంపై ఆ ఊరికి వచ్చినారు.

అప్పటికే అక్కడ ‘జెంటిల్మెన్స్ కాన్సర్ట్స్’ అనే పేరుతో పెద్దమనుషుల కచేరీలు జరుగుతూ ఉండినవి. చందాదారులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. ఆ వాద్యబృందాన్ని తొలిసారి వినిన హాలే నిస్పృహ చెంది, మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోదామా అనుకొన్నట్లు తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు. మిత్రులు వారించి, బాగుచేయడానికే మిమ్ములను పిలిచినామన్నారు. ఆయన నిలిచి, ఆ బృందానికి శిక్షణ ఇవ్వసాగినారు.

1857లో మాంచెస్టరులో ఒక మహా కళాప్రదర్శనం జరిగినది. పదహారువేలకు పైగా కళాఖండాలను ఒక్కచోట పేర్చినారు. మే నెల మొదలు అక్టోబరు వరకు పదమూడు లక్షలకు పైగా జనం వచ్చి చూచినారు. ఆ జనానికి నిత్యమూ సంగీతం వినిపించే భారం హాలేపై పడగా, ఆయన పెద్ద బృందాన్ని సమకూర్చినారు. ప్రదర్శనం ముగిసినది. విద్వాంసులు చెదరిపోవలసిన సమయం వచ్చినది. ఇన్ని నెలలు కలిసి వాయించి ఏకశ్రుతిలో నిలిచిన మేళాన్ని విడగొట్టడానికి హాలేకు మనసొప్పలేదు. లాభనష్టాలు తనవేనని పూచీపడి, 1858 జనవరి 30వ తేదీన ఫ్రీ ట్రేడ్ హాలులో తమ తొలి కచేరీ చేయించినారు.

ఆయన పెట్టిన నియమమొకటి ఇక్కడ గమనింపదగినది. కొంత స్థలానికి ఒక్క షిల్లింగే టిక్కెట్టు; ఆ షిల్లింగు ఎవరు ఇచ్చినా ప్రవేశం ఉండవలెను. పెద్దమనుషుల కచేరీలకు అలవాటుపడినవారికి ఇది సాహసమే. మొదటి కచేరీలకు నష్టం వచ్చినది. క్రమంగా జనం పెరిగి, కచేరీల కాలం ముగిసేసరికి లెక్కలు తేలినవి. ఖర్చులన్నీ పోగా మిగిలిన లాభం రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు! కార్యనిర్వాహకులు దానిని పది కొత్త మూడుపెన్నీల నాణేలుగా హాలే చేతిలో పెట్టినారట. ఆ పది నాణేలతో ఆయన తృప్తిపడినారు. మరుసటి సంవత్సరం కచేరీలకు పూనుకొన్నారు. అక్టోబరు మొదలు మార్చి వరకు గురువారపు కచేరీలు ఆ నగరానికి ఆచారమైపోయినవి.

ఆ కచేరీలు జరిగిన భవనానికీ ఒక కథ ఉన్నది. 1819 ఆగస్టు 16వ తేదీన, ప్రజలందరికీ ప్రాతినిధ్యం కావలెనని కోరుతూ సెయింట్ పీటర్స్ మైదానంలో సభ చేసిన జనంపైకి ఆశ్వికదళం దూకినది. పదిమందికి పైగా మరణించినారు, వందలమంది గాయపడినారు. ఆ మైదానంలోనే, ధాన్యపు దిగుమతి సుంకాల శాసనాల రద్దుకు స్మారకంగా, ఫ్రీ ట్రేడ్ హాలు నిర్మించినారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమై పత్తి రావడం ఆగిపోయినది. మిల్లులు మూతబడి లక్షలాది కార్మికులు పస్తులున్నారు. ఆ కొరత తీర్చుకొనడానికే వర్తకులు మన దేశపు పత్తిపై ఎగబడినారు. అటువంటి కష్టకాలంలో, 1862 డిసెంబరు 31న, మాంచెస్టరు శ్రామికులు ఆ హాలులోనే సమావేశమై, తమ పొట్టలు మాడినా బానిసత్వ నిర్మూలనానికే తమ మద్దతు అని అమెరికా అధ్యక్షుడు లింకనుకు సందేశం పంపినారు. మరుసటి నెలలో లింకను వారికి కృతజ్ఞతతో ప్రత్యుత్తరం వ్రాసినారు. ఆ కరవు సంవత్సరాలలో కూడా హాలే కచేరీలు ఆగలేదు.

అయితే ఈ గాథలో మనకు చేదు కలిగించే సత్యం ఒకటి లేకపోలేదు. వాద్యబృందాన్ని నిలబెట్టిన వర్తకుల సంపదలో మన నేతగాండ్ర నష్టం కూడా కలిసియున్నది. దానిని మరచి ఆ నగరాన్ని కీర్తించలేము. అది తలచి ఆ సంగీతాన్ని నిరసించనూ లేము. షిల్లింగు చెల్లించి నిలబడి వినిన మిల్లు కూలీ మన మగ్గం పాడుచేయవలెనని కోరినవాడు కాదు.

1895లో హాలే మరణించినారు. అంతకు రెండేళ్ల ముందే ఆ నగరంలో సంగీత కళాశాల స్థాపించినారు. ఒక్క మనిషిపై ఆధారపడిన బృందం ఆ మనిషితోనే ముగియవలసినదే. కాని నగరవాసులు ముగ్గురు పూచీపడి కచేరీలను నడిపించినారు. 1899లో ఒక సంఘం ఏర్పడినది. అదే సంవత్సరం ప్రఖ్యాత సంచాలకుడు హాన్స్ రిక్టరు వచ్చినారు. 1908 డిసెంబరు 3వ తేదీన ఎల్గారు మొదటి సింఫనీ తొలిసారిగా లోకానికి వినబడినది మాంచెస్టరులో, రిక్టరు సంచాలకత్వంలో, ఈ బృందం చేతనే. 1920 మొదలు 1933 వరకు హామిల్టను హార్టీ దానిని తీర్చిదిద్దినారు.

రేడియో శాఖకు చెందినవారము గనుక తరువాతి ఘట్టాన్ని మేము ప్రత్యేక శ్రద్ధతో చెప్పవలసి ఉన్నది. 1930 ప్రాంతాల నుండి హాలే విద్వాంసులలో పలువురు మాంచెస్టరులోని బి.బి.సి. ఉత్తర వాద్యబృందంలో కూడా పనిచేస్తూ ఉండినారు. రేడియో జీతం స్థిరమైనది. కచేరీల రాబడి అస్థిరమైనది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చినది. 1940 డిసెంబరు బాంబుదాడులలో ఫ్రీ ట్రేడ్ హాలు గోడలు మాత్రమే మిగిలినవి. యువకులు సైన్యంలో చేరినారు. అయినను జనానికి సంగీతంపై ఆసక్తి ఇనుమడించినది. ఏడాది పొడుగునా వాయించే సొంత బృందమే ఉండవలెనని 1943లో సంఘం నిశ్చయించి, బి.బి.సి.తో ఉన్న ఏర్పాటును విరమించినది. రెండు చోట్లా పనిచేస్తున్నవారు ఏదో ఒకటి ఎంచుకొనవలసి వచ్చినది. వారిలో హాలే పక్షాన నిలిచినవారు నలుగురే. తక్కినవారిని నిందించే పని లేదు. యుద్ధకాలంలో సంసారాలు గడుపుకొనవలసినవారు. కాని సంగీతాన్ని ఇంటింటికీ చేర్చే రేడియో, అదే చేతితో ఊరి బృందాన్ని ఖాళీ చేయగలదని ఆనాడు తేలినది.

అప్పుడు వచ్చినారు జాన్ బార్బిరోలీ. న్యూయార్కు వాద్యబృందంలో టోస్కానినీ అనంతరం సంచాలకుడుగా ఉండినవారు. యుద్ధమధ్యంలో అట్లాంటికు దాటి మాంచెస్టరులో దిగేసరికి బృందంలో ఉన్నది ముప్పైమంది మాత్రమే. తొలి కచేరీకి వ్యవధి కొన్ని వారాలే. పగలూ రాత్రీ పరీక్షలు జరిపి, ఎక్కడ నాదం ఉన్నదో అక్కడినుండి మనుషులను తెచ్చుకొన్నారు. ప్రధాన ఫ్లూటుకు ఒక బడిపిల్లవాడు, హారనుకు ఒక బడిపంతులమ్మ, ఇత్తడి వాద్యాలకు ఊరి బ్యాండుమేళాలవారు. 1943 జూలై 5వ తేదీన బ్రాడ్‌ఫర్డు పట్టణంలో ఆ కొత్త బృందం వేదిక ఎక్కి, పాత పేరును నిలబెట్టినది.

సొంత హాలు లేని ఆ సంవత్సరాలలో వారు సినిమాహాళ్లలో వాయించినారు. బెల్ వ్యూలో జంతుప్రదర్శనశాల పక్కన సర్కసు జరిగే మంటపంలో వాయించినారు. వేలాది జనం అక్కడికే వచ్చి వినినారు. 1951 నవంబరులో ఫ్రీ ట్రేడ్ హాలు పునర్నిర్మితమై తెరువబడినది. వాన్ విలియమ్స్ ఏడవ సింఫనీ 1953లోను, ఎనిమిదవ సింఫనీ 1956లోను అక్కడే తొలిసారి వినిపించినారు. ఎనిమిదవదానిని ఆ స్వరకర్త బార్బిరోలీకే అంకితమిచ్చినారు. లండను నుండి పెద్ద పదవులకు పిలుపులు వచ్చినా బార్బిరోలీ మాంచెస్టరును విడువక, 1970లో మరణించేవరకు ఆ బృందంతో సంబంధం నిలుపుకొన్నారు.

ఆయన కాలంలోనే ఒక భారతీయుడు ఆ బృందంలో వయోలిను వాయించినారు. ఆయన బొంబాయివాసి మెహ్లీ మెహతా. 1935లో బొంబాయిలో సింఫనీ వాద్యబృందాన్ని స్థాపించిన మెహతా, 1950 దశాబ్దం ద్వితీయార్ధంలో బార్బిరోలీ కింద కొన్ని సంవత్సరాలు పనిచేసినారు. వారి కుమారుడే జగద్విఖ్యాత సంచాలకుడు జుబిన్ మెహతా.

1996లో హాలే బృందం బ్రిడ్జ్‌వాటరు హాలుకు మారినది. సుమారు రెండువేల మూడువందలమంది కూర్చొనే ఆ భవనాన్ని, వీధిలోని వాహనాల అదురు లోపలికి సోకకుండా, స్ప్రింగులపై నిలిపినారు. అంతటి భవనం లభించిన కొద్ది కాలానికే బృందం అప్పులలో మునిగి మూతబడే స్థితికి వచ్చినది. నగరవాసుల విరాళాలతోను, పొదుపుతోను గండం గడిచినది. 2000 నుండి 2024 వరకు మార్క్ ఎల్డరు దానిని మళ్లీ ఉన్నత స్థితికి తెచ్చినారు. 2024 శరత్కాలంలో సింగపూరులో జన్మించిన కాచున్ వాంగ్ ప్రధాన సంచాలకుడైనారు. ఆయన ఈ బృందంతో రికార్డు చేసినవాటిలో బ్రిటెను రచించిన ‘ప్రిన్స్ ఆఫ్ ది పగోడాస్’ ఒకటి. బాలి ద్వీపపు గమెలాను మేళం వినిన ప్రభావం ఆ రచనలో స్పష్టంగా వినబడుతుంది.

ఇక రాబోయే కచేరీల కాలం. అది శరదృతువులో ఆరంభమై వేసవి ముఖం దాకా సాగుతుంది. హాలే కచేరీలలో కొన్నింటిని బి.బి.సి. మూడవ రేడియో ప్రసారం చేస్తుంది. అంతర్జాలం ఉన్న ఇంటిలో మనమూ వినవచ్చును. వినేవారికి ఒకటి రెండు సూచనలు. కచేరీకి ముందు ఒబో అనే వాద్యం ఒక్క స్వరం పలికిస్తే తక్కినవారందరూ దానితో శ్రుతి కలుపుకొంటారు. ఆ క్షణం తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవికి ఆప్తంగా ఉంటుంది. సింఫనీ సాధారణంగా నాలుగు భాగాలుగా ఉంటుంది. భాగానికీ భాగానికీ నడుమ కలిగే నిశ్శబ్దం కూడా రచనలోనిదే గనుక, చప్పట్లు చివరకు దాచుకొంటారు. రాగాలాపన కోసం వెదకవద్దు. ఒక చిన్న స్వరగుచ్ఛం మొదట ఎక్కడ వినబడినదో గుర్తుంచుకొని, అది ఏయే వాద్యాల చేతులు మారి ఏ రూపంలో తిరిగి వస్తున్నదో గమనిస్తే చాలును, దారి దొరుకుతుంది.

మన దేశంలోనూ ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని నెలకొల్పినది. పండిత రవిశంకర్ తొలి సంచాలకులలో ఒకరు; మన ఈమని శంకరశాస్త్రిగారి వీణాపాండిత్యమూ దానికి తోడైనది. వ్రాసిపెట్టిన స్వరాన్ని పదిమంది కలిసి పలికే సంప్రదాయం మనకు పరాయిదేమీ కాదని అటువంటి ప్రయత్నాలు నిరూపించినవి. అయితే అటువంటి బృందాలు నిలవవలెనంటే ఉత్తర్వులు చాలవు. మాంచెస్టరువారు తమ షిల్లింగులతో చేసిన పని కూడా కావలెను. మన ఊళ్లలో ఉత్సవాలకు వాయించే నాదస్వర బృందాలు, పాటకచేరీలు నిర్వహించే చిన్న సంగీత సభలు చందాలు చాలక వెలవెలబోతూ ఉన్నవి. రేడియోలో విని ఆనందించిన శ్రోతలు, ఆ తరువాత తమ ఊరి సభకు వెళ్లి ముందు వరుసలో కాకపోయినా వెనుక వరుసలోనైనా కూర్చొనవలెనని మా మనవి.